చెవి మీద పెన్సిల్

బొమ్మల పుస్తకాలు దాటిపోయి, పెద్దల నవలలు ఇంకా చేతికి రాని వయసు ఒకటుంటుంది. పన్నెండు నుంచి పదిహేడు దాకా. ఆ వయసువాళ్ల కోసం రాసే కొత్తవాళ్లు కొందరు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. అడిగేది ఒకటే, ఉత్కంఠ ఎట్లా నిలబెట్టాలని. చాయ్ పోసి, తోచింది చెప్పి పంపిస్తాను. నేను రాసిన నవలలు పదకొండు. బయట దొరికేవి పది. పదకొండోది ఏమైందని వాళ్లు అడగరు, నేనూ చెప్పను. ఇప్పుడు నాకు ఉద్యోగమూ లేదు, సంజాయిషీ అడిగే పై అధికారీ లేడు. అందుకని చెబుతున్నాను.

అవి నక్సలైట్ల రోజులు. కోరుట్లకు కొద్ది దూరంలో ఒక పెద్ద ఊళ్లో, హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో మా వైపు మనుషుల పలకరింపే మారిపోయింది. ‘ఎటు పోతున్నవ్’ అని అడగడం మర్యాద కాకుండా పోయింది. అడిగినవాడికి ఆ సంగతి తెలుసుకోవాల్సిన అవసరం ఏముందని అవతలివాడు ఆలోచనలో పడేవాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడు పేపరు మడత విప్పకుండా కూర్చుంటే భయం, విప్పి ఎక్కువసేపు ఒకే పేజీ చూస్తే ఇంకా భయం.

నిజం చెప్పొద్దూ, ఆ కాలం నాకు బాగా నప్పింది. నేను పుట్టడమే అనుమానంతో పుట్టాను. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే వంగి అడుగు చూసేదాన్ని. మా ఆయన బస్సు తప్పిపోయిందంటే మర్నాడు బస్టాండులో కనుక్కునేదాన్ని. పరీక్ష పేపర్లలో ఎవరు ఎవరిది చూసి రాశారో ఇట్టే పట్టేసి, స్టాఫ్ రూంలో గొప్పలు పోయేదాన్ని. నా నవలల్లో ప్రతి మనిషీ ఏదో ఒకటి దాస్తుంటాడని పిల్లలు ఉత్తరాలు రాసేవారు. జగిత్యాల గ్రంథాలయంలో నా పుస్తకాలు అట్టలూడిపోయేదాకా తిరిగాయంటే ఆ గుణం వల్లే. దాన్ని నేను ప్రతిభ అనుకున్నాను.

సిరిసిల్లలో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు. దాని యజమానికి పిల్లలంటే పిచ్చి. నెలకొకసారి ఎదిగే పిల్లల కోసం ఒక పత్రిక తెచ్చేవాడు. నా సీరియళ్లన్నీ అందులోనే వచ్చాయి. నాకొక పద్ధతి ఉండేది. కథ జరిగే చోటు నేను నడిచి చూడాలి. మేడిపల్లి దగ్గర మా అక్కవాళ్ల ఊరు. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోయి, మేకలు కాచే ఒక పెద్దమ్మను వెంటబెట్టుకుని తిరిగేదాన్ని. ఆ ఏడు పాత దొరల గడి నుంచి గుట్టల్లోకి ఒక సొరంగం పోయిందని కథ అనుకున్నాను. అందుకోసం రుద్రంగి గుట్టల దాకా పోయి, దారులన్నీ అడుగులు లెక్కపెట్టి పటం గీసుకున్నాను. వాగు ఎక్కడ దాటాలి, ఏ రాతి పక్కన ఎండాకాలం కూడా నీళ్లుంటాయి, మేకలు ఎక్కడ పడుకుంటాయి, అన్నీ ఉన్నాయందులో. ఆ రోజుల్లో గుట్టలకు పటం గీయడం ఎంత తెలివితక్కువ పనో నాకు తట్టలేదు. అందరినీ అనుమానించే నేను, నన్ను ఎవరైనా అనుమానిస్తారని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆ పటాన్ని సరిచేసింది మా డ్రాయింగ్ మాస్టారు. నా సీరియళ్లకు బొమ్మలు వేసేది కూడా ఆయనే. నాకంటే అయిదారేళ్లు పెద్ద. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. చెవి మీద ఎప్పుడూ అరిగిపోయిన పెన్సిల్ ముక్క ఒకటి ఉండేది. మాట్లాడే ముందు కళ్లజోడు తీసి అంగీ అంచుతో తుడుచుకునేవాడు. బడి అయ్యాక ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. నా పటం చూసి, ‘చెల్లె, గీ వాగు గింత వంకర ఉండది. ఓ దినం నా దగ్గర ఉంచు, సరిచేసి ఇస్త’ అని తీసుకుపోయి మర్నాడు తెచ్చిచ్చాడు. నేను దాన్ని మొదటి ప్రకరణంతో కలిపి, కాగితాలు మూడుసార్లు లెక్కపెట్టుకుని సిరిసిల్లకు బుక్‌పోస్టులో పంపాను. చిన్నవాళ్లకు తెలియదేమో, బుక్‌పోస్టు కవరు అంటించకూడదు. పక్కలు తెరిచి ఉంచి పురికొసతో కట్టాలి. అట్లా అయితే స్టాంపు తక్కువ. రాతప్రతులు అందరం అట్లాగే పంపేవాళ్లం.

నెల తిరగకముందే ఠాణా నుంచి కబురొచ్చింది. హెడ్మాస్టరు గారు నన్ను వెంటబెట్టుకుని పోయారు. ఎస్సై మా ప్రాంతంవాడు కాదు, మాట మర్యాదగా ఉంది. బల్ల మీద ఒక కాగితం పెట్టి నా వైపు తిప్పాడు. నా పటం. నేను గీసింది కాదు, దాని నకలు. కార్బన్ పెట్టి దింపిన నీలం గీతలు. నా అక్షరాలు కూడా అట్లాగే దింపారు, నా ‘ళ’ తోకతో సహా.

‘టీచర్ గారూ, ఈ రాయి పక్కన నీళ్లుంటాయని మీకెవరు చెప్పారు?’ అన్నాడు.

మేకలు కాచే పెద్దమ్మ అని చెప్పబోయి ఆగిపోయాను. ఆమె ఇంటికి జీపు పోవడం కళ్ల ముందు మెదిలింది. నేనే చూశానన్నాను. ఇది పిల్లల కథ అన్నాను. కథంతా చెప్పించుకున్నాడు. మూడు గంటలు కూర్చోబెట్టి, ఇకమీద పటాలు గీయననీ, ఈ పటాన్ని అచ్చు వేయించననీ రాయించుకుని పంపించాడు. లేస్తూ లేస్తూ, ఇది మీకెట్లా వచ్చిందని అడిగాను. ఆయన నవ్వి, ‘మాకూ మనుషులుంటారు కదండీ’ అన్నాడు. ఆయన ఊరికే అన్నాడో, నిజంగా అన్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు. నేను మాత్రం ఆ ఒక్క మాట మూట కట్టుకుని ఇంటికొచ్చాను.

ఊళ్లో పటం చూసింది ఇద్దరమే. ఒకరు నేను. నేను ఇవ్వలేదు. ఒక రాత్రంతా ఆయన దగ్గరే ఉంది. లెక్క తేలిపోయింది. ఇక ఆ తర్వాత చూసిందల్లా సాక్ష్యమే. రంగులు అంటిన చేతులతో ఆయన ఠాణా గేటు నుంచి బయటికి రావడం ఒకరోజు బస్సులోంచి చూశాను. ఇంకోరోజు డ్రాయింగ్ గదిలోకి పోతే, బల్ల మీదున్నదాని మీద గబుక్కున పేపరు కప్పాడు. ఆయనకు వచ్చిన బదిలీ ఆ నెలలోనే ఆగిపోయింది. ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటే నా నవలలో కూడా ఇంత చక్కగా కుదరదు. ఇంత కుదిరినప్పుడే సందేహం రావాల్సింది. రాలేదు. ఆయన్ని అడగనూ లేదు. అడిగితే అబద్ధం చెబుతాడని ముందే తేల్చేసుకున్నాను. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేదాన్ని. ఆయన చెల్లె, చెల్లె అంటూనే ఉన్నాడు. అదీ నటనే అనుకున్నాను.

ఏడో ప్రకరణంలో కసి తీర్చుకున్నాను. నవలలో నలుగురు పిల్లలు సొరంగం కోసం వెతుకుతుంటే, ఒక దొంగల ముఠా వాళ్ల వెంట పడుతుంది. పిల్లల సంగతులు ముఠాకు చేరవేసే మనిషి ఒకడు కావాలి. బోర్డులు రాసుకునే పెయింటర్‌ని పెట్టాను. ముందుకు వంగి నడుస్తాడు. కళ్లజోడు అంగీతో తుడుచుకుంటాడు. చెవి మీద పెన్సిల్ ముక్క. పిల్లలతో పెన్సిల్ మామ అని పిలిపించాను. బొమ్మల కోసం ప్రెస్సువాళ్లు కాగితాలు ఆయనకే పంపుతారని నాకు తెలుసు. నిజానికి ఆయన చదవాలనే రాశాను. చదివి మొహం ఎట్లా పెడతాడో చూద్దామని.

పత్రిక వచ్చింది. బొమ్మ చూశాను. పెన్సిల్ మామది అచ్చంగా ఆయన మొహమే. ముక్కు, చెంప మీది మచ్చ, పక్కకు దువ్విన జుట్టు. నేను రాయని మచ్చ కూడా ఆయన వేశాడు. స్టాఫ్ రూంలో అందరూ పత్రిక చూశారు. ఆయన ఎప్పటిలాగే నాకు చాయ్ గ్లాసు జరిపాడు. ఎంత మొండి మనిషి అనుకున్నాను. ఒప్పేసుకున్నాడు, సిగ్గు కూడా లేదు అనుకున్నాను.

మా ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్ల వాడ ఒకటుంది. చాటలు ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వరసగా కూర్చుని చేస్తారు. చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, వాళ్లమ్మా అక్కడే బీడీలు చేస్తుంది, సెలవు దొరికితే చాలు నా సీరియల్ వాళ్లకు గట్టిగా చదివి వినిపించేది. ఆ పిల్ల చదివితే నేను రాసినదానికంటే బాగుండేది. అట్లా నా కథ పిల్లల దగ్గర ఆగలేదు. నవలలో పోలీసులూ లేరు, నక్సలైట్ అన్నలూ లేరు, దొంగలే ఉన్నారు. కానీ వినేవాళ్లు ఎవరి దొంగల్ని వాళ్లు పెట్టుకుని విన్నారు. రెండు వారాల్లో డ్రాయింగ్ మాస్టారు సైకిల్ మీద పోతుంటే సందుల్లోంచి ‘పెన్సిల్ మామా’ అని కేకలు మొదలయ్యాయి. ఆయన ఆగే దుకాణాల ముందు మాటలు ఆగిపోయేవి. బోర్డు రాయించుకునేవాళ్లు తగ్గారు. ఇన్‌ఫార్మర్ అనే మాట నేను నవలలో ఎక్కడా వాడలేదు. ఊరే వాడింది.

ఆ మాట పడితే ఏమయ్యేదో ఆనాటివాళ్లకు చెప్పక్కర్లేదు. ఈనాటివాళ్లకు ఇంతే చెబుతాను. పక్క మండలంలో ఒకాయన మీద ఆ మాట పడింది. నిజమో కాదో తేలకముందే ఆయన భార్య బొట్టు తీసేశారు.

నేను అప్పటికే చివరి ప్రకరణం రాసి పోస్టు చేశాను. అందులో ఊరంతా కలిసి పెన్సిల్ మామను ఏం చేసిందో ఇక్కడ మళ్లీ రాయను. పోస్టు చేసిన మూడో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

‘టీచర్, మొన్న మా వాడకు ఇద్దరు కొత్తోళ్లు అచ్చిన్రు. నేను చదువుతుంటె నిలబడి ఇన్నరు. గా బొమ్మ సూపియ్యమని అడిగి, కాయితం చింపుకున్నరు. గీ సారు నిజంగ ఉన్నడా అన్నరు.’

‘నువ్వేమన్నవ్?’

‘ఉన్నడన్న. మా డ్రాయింగ్ సారే అన్న.’ ఆ మాట అని ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ‘నాకు తెల్వలే టీచర్. కథ బాగున్నదని అడుగుతున్నరనుకున్న.’

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి కూడా ఆయన తప్పు చేశాడనే నా నమ్మకం. కానీ నేను కోరుకుంది ఆయన తల దించుకోవాలని. చావాలని కాదు. రెండింటికీ మధ్య అంత దూరం లేదని ఆ గుమ్మం దగ్గర తెలిసింది. చివరి ప్రకరణం అచ్చయి వస్తే అది కథ కాదు, తీర్పు. దాన్ని ఆపాలి.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. వేములవాడకు మొక్కులకు పోయేవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. రుద్రంగి దగ్గర పోలీసులు బస్సాపి అందరినీ దింపి సంచులు వెతికారు. పక్కనే నేను అడుగులు లెక్కపెట్టిన గుట్టలు. వాటి వైపు చూడడానికి కూడా ధైర్యం చాలలేదు, చూస్తే ఎందుకు చూశావని ఎవరైనా అడుగుతారేమోనని.

ప్రెస్సు యజమాని నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. చివరి ప్రకరణం ఆపాలని చెప్పాను. అప్పుడే కంపోజింగుకు ఇవ్వబోతున్నానని నా కట్ట చూపించాడు. పురికొస ముడి చూసి నేను, ఇది నేను వేసిన ముడి కాదే అన్నాను. అనుమానం మనిషిని కదా, నేనెప్పుడూ రెండు ముళ్లు వేసి కొసలు లోపలికి దోపుతాను.

ఆయన నవ్వాడు. ‘మీ కట్టలు ఎన్నడన్న కట్టినట్టు అచ్చినయా టీచరమ్మా? మీ సీరియల్ మొదలైనకాడికెంచి ఇప్పి కట్టినట్టే అస్తున్నయి. మీరే ఆఖర్ల మల్ల దిద్దుతరేమో అనుకున్న. మొదటి దాంట్ల అయితే కార్బన్ కాయితం కూడ మర్చిపోయిన్రు. మంచిగనే ఉన్నదని బిల్లుల కోసం దాచిన.’

చూపించమన్నాను. సొరుగు లాగి తీశాడు. దాన్ని వెలుతురుకు పట్టుకుంటే గుట్టలు కనిపించాయి. వాగు. రాయి. నా ‘ళ’ తోక.

నేను కట్టేముందు మూడుసార్లు లెక్కపెట్టాను. అందులో కార్బన్ లేదు. మా ఊరికీ సిరిసిల్లకూ మధ్య ఏ బల్ల మీదో, ఎవరో తీరిగ్గా విప్పి, దింపుకుని, మళ్లీ కట్టి పంపారు. కార్బన్ మరిచిపోయారు. ఎవరో నాకు ఎప్పటికీ తెలియలేదు, తెలుసుకోవాలని కూడా లేదు. తెరిచి పంపింది నేను. లోకాన్నంతా అనుమానించి, నా కవరు మాత్రం నేనే తెరిచి పెట్టాను.

అక్కడే బల్ల దగ్గర కూర్చుని చివరి ప్రకరణం మళ్లీ రాశాను. పెన్సిల్ మామ ఏ తప్పూ చేయలేదనీ, పిల్లలే తమ కాగితాలు గాలికి వదిలేశారనీ. తొందరలో అక్షరాలు కుదరలేదు. కంపోజిటర్ చదవలేక రెండుసార్లు వచ్చి అడిగాడు. కానీ పత్రిక బయటికి రావడానికి ఇంకా పది రోజులు. చిరిగిన బొమ్మ కాగితం ఎవరి జేబులోనో తిరుగుతోంది. అందుకని కొత్త ప్రకరణం నకలొకటి చేతపట్టుకుని మధ్యాహ్నం బస్సుకు వెనక్కొచ్చాను. ఇంటికి పోలేదు, తిన్నగా బీడీల వాడకు పోయాను.

ఎండ తగ్గుతోంది. ఇరవై మంది దాకా చాటలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల కూడా ఉంది. నేను నిలబడే చదివాను. సగంలో కాగితం మడిచేసి మామూలుగా చెప్పేశాను. ఆ మనిషిని నేను అనుమానపడి రాశాను, అది అబద్ధం, ఆయన ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, నా కాగితాలు దారిలో ఎవరో విప్పి చూశారు, ఈ మాట మీకు తెలిసిన వాళ్లందరికీ చెప్పండి అన్నాను. ఎవరికి చేరాలో వాళ్లకు ఆ వాడ నుంచే చేరుతుందని నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. ఒక్క చేయి కూడా ఆగలేదు. ఆకు కత్తిరిస్తూనే విన్నారు. చివరికి ఒక ముసలామె తల ఎత్తింది.

‘గదంత సరే బిడ్డ. గా సారును ఒక్కపాలన్న అడిగినవా?’

లేదన్నాను. ఆమె మళ్లీ తల దించుకుని బీడీ చుట్టుకుంది. నా పదకొండు నవలల మీద వచ్చిన విమర్శలన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సరిరావు.

అక్కడి నుంచి ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. నేను కార్బన్ సంగతి చెప్పాను. ఏడ్చాను కూడా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. ఠాణా బోర్డు రాయమన్నారనీ, కాదనే రోజులు కావు కాబట్టి రాశాననీ, సిగ్గనిపించి బడిలో దాని మీద పేపరు కప్పాననీ చెప్పాడు. బదిలీ ఆగింది వాళ్లమ్మ జబ్బు వల్లట. అన్నిటికీ జవాబు ఉంది. అన్నీ ఒక్క పూట అడిగితే తేలేవి.

అప్పుడు అడిగాను, ఏడో ప్రకరణం చదివి కూడా మీ మొహమే ఎందుకు వేశారని. వేరే మొహం వేసి ఉంటే ఎవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు కదా అని.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

‘రాసింది నా గురించే గద టీచర్. వేరే మొఖం గీస్తే, అసుంటి మొఖమున్నోడు ఏడనో ఒక దగ్గర ఉంటడు. గది వాని మీదికి పోతది. నా మొఖమైతే నేనే జవాబు చెప్పుకుంట.’

చెల్లె అనలేదు. టీచర్ అన్నాడు. మళ్లీ ఎప్పుడూ చెల్లె అనలేదు.

ఆయన మీదికి ఎవరూ రాలేదు. నా మాట చేరినందుకు రాలేదా, అసలే రాదలుచుకోలేదా, చెప్పలేను. ఆ పిల్ల సీరియల్ చదవడం ఆపేసింది, ఆ తర్వాత ఏదీ గట్టిగా చదవలేదు. ఆ సీరియల్‌ను నేను పుస్తకంగా వేయనివ్వలేదు, బయట దొరకని పదకొండోది అదే. మాస్టారు ఆ ఏడాది గడిచాక జగిత్యాల వైపు బదిలీ మీద పోయారు. కొత్తగా రాసేవాళ్లు ఇది రాసుకోండి, మీ కథలో ఎవరికైనా చెడ్డపని అంటగట్టేటప్పుడు మీకు తెలిసినవాళ్ల నడక వాళ్లకు పెట్టకండి. పెట్టాలనిపిస్తే ముందు పోయి అడగండి. నేను చెప్పగలిగే ఉత్కంఠ రహస్యం ఇంతే.

బదిలీ అయ్యేదాకా మేమిద్దరం ఒకే స్టాఫ్ రూంలో ఉన్నాం. నేను ఆయన ఇంటికి పోయిన మర్నాడే ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకోవడం మానేసి, జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. పాఠం అయ్యాక ఆయన చేయి అలవాటు కొద్దీ చెవి దాకా పోయేది. అక్కడ ఆగేది. మెల్లగా కిందికి దిగి జేబు వెతుక్కునేది. నేను ఎదురుగా కూర్చుని ఏడాది పాటు చూశాను.